యుద్ధం వచ్చినప్పుడు పార్కులకు ఏమైంది? లండన్ నేల తవ్వినవాడిగా నా జవాబు

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ పార్కుల్లో పూలమొక్కలు తీసేసి కూరగాయలు వేశారని విన్నాననీ, అది నిజమేనా, యుద్ధం అయ్యాక ఆ పార్కులు మళ్లీ ఎప్పటిలా అయ్యాయా అనీ అడిగారు. కూరగాయల మాట నిజమే. కానీ యుద్ధం పార్కులను వాడుకున్న తీరులో అది ఒక భాగం మాత్రమే, అందులోనూ కాస్త సంతోషంగా చెప్పుకోగలిగిన భాగం. పాత ఫొటోల్లో అదే ఎక్కువగా కనిపించడం వల్ల మిగతాది మరుగున పడింది. రెండో ప్రశ్నకు మాత్రం అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేను.

నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివాను. తర్వాత లండన్ వచ్చి ఇక్కడి పార్కుల నిర్వహణలో 22 ఏళ్లు పనిచేశాను. చెట్లు నాటడం, ఎండిన లాన్‌ను మళ్లీ పచ్చగా చేయడం, నీళ్లు నిలిచే చోట డ్రైనేజీ వేయడం నా పని. గొయ్యి తీస్తుంటే రెండు మూడు అడుగుల్లోనే ఇటుక ముక్కలు, పెంకులు, ఒక్కోసారి కాంక్రీటు పలక తగిలేవి. పార్కులో ఇవి ఎందుకున్నాయని నా మొదటి ఏడాదే ఒక పెద్దాయన్ని అడిగాను. "యుద్ధం నాటివి" అని చెప్పి ఆయన తన పనిలో పడిపోయారు. అప్పటి నుంచి నేను చదివింది, చూసింది కలిపి చెబుతున్నాను.

ముందు వచ్చింది కూరగాయలు కాదు, కందకాలు. అదీ యుద్ధం ప్రకటించడానికి ఏడాది ముందే. 1938 సెప్టెంబరులో చెకోస్లొవేకియా విషయమై హిట్లర్‌తో గొడవ ముదిరినప్పుడు, ఏ రోజైనా విమానాలు వచ్చి బాంబులు వేస్తాయని లండన్ అంతా టెన్షన్ పడింది. హైడ్ పార్కు, గ్రీన్ పార్కు లాంటి చోట్ల రాత్రికి రాత్రే కూలీలు పారలు పట్టుకుని లాన్లను చీల్చేశారు. పార్కులే ఎందుకంటే, నగరం మధ్యలో కూల్చాల్సిన ఇల్లు, ఒప్పించాల్సిన యజమాని లేని ఖాళీ జాగా అక్కడే ఉంది. పైగా చుట్టుపక్కల పేదల ఇళ్లకు పెరడు ఉండేది కాదు. పెరడు ఉన్నవాళ్లు అందులో రేకుల షెల్టర్ పాతుకున్నారు. లేనివాళ్లకు పార్కే పెరడు అయింది. యుద్ధమంతా ఇదే లెక్క నడిచింది. ఏ అవసరం వచ్చినా అధికారుల చూపు మొదట పార్కు మీదే పడేది.

ఆ కందకాలను తిన్నగా తవ్వలేదు, మెలికలు తిప్పుతూ తవ్వారు. ఒక చోట బాంబు పడితే ఆ పేలుడు ధాటి కందకం పొడవునా దూసుకుపోకుండా ఒక మలుపు దగ్గర ఆగాలని ఆ ఏర్పాటు. మొదట్లో అవి ఉత్త మట్టి కాలువలే. లండన్ కింద ఉన్నది చాలావరకు జిగట బంకమట్టి. మన నల్లరేగడిలాగే తడిస్తే నీరు వదలదు, ఎండితే బీటలు వారుతుంది. అందుకే ఆ శరదృతువు వానలకే కందకాలు నీళ్లతో నిండిపోయాయి. 1939లో వాటి పక్కలకు కాంక్రీటు పలకలు నిలిపి, పైన కప్పు వేసి, దాని మీద మట్టి పోశారు. పలకలను పక్కపక్కన నిలబెట్టారే గాని చాలా చోట్ల ఒకదానితో ఒకటి గట్టిగా బిగించలేదు. పక్కనుంచి నేల అదిరితే ఆ గోడలు లోపలికి వచ్చేస్తాయి.

దక్షిణ లండన్‌లోని కెన్నింగ్టన్ పార్కులో ఆ గోడలు అలాగే లోపలికి వచ్చేశాయి. 1940 అక్టోబరు 15 రాత్రి అక్కడి కందకం షెల్టర్ మీద నేరుగా బాంబు పడింది. గోడలు కూలి, మట్టి మీద పడి, లోపలున్నవాళ్లు సమాధి అయిపోయారు. చనిపోయినవాళ్లు 104 మంది అని అంచనా. 48 మంది శవాలను మాత్రమే వెలికితీయగలిగారు. మిగతా చోట సున్నం పోసి, మట్టి కప్పి, నేల చదును చేశారు. అంటే ఆ లాన్ కింద ఇంకా మనుషులు ఉన్నారు. 60 ఏళ్లకు పైగా అక్కడ వాళ్ల కోసం ఒక రాయి కూడా లేదు. స్థానికులు పట్టుబట్టాక 2006లో స్మారకం పెట్టారు. నేను మొదటిసారి ఆ పార్కుకు వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియదు. ఆ గడ్డి మీదే కూర్చుని అన్నం తిన్నాను. తెలిశాక ఆ రోజు గుర్తుకొచ్చి చాలా బాధపడ్డాను.

కందకాల వెనకే తుపాకులు వచ్చాయి. విమానాలను కొట్టే తుపాకులకు చుట్టూ అడ్డు లేని ఆకాశం కావాలి, పార్కులో అది దొరుకుతుంది. శత్రు విమానాలు కిందికి దిగకుండా ఆపే పెద్ద బెలూన్లను కూడా పార్కుల నుంచే ఎగరేశారు. తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు అప్పట్లో కార్మిక కుటుంబాలకు ఆదివారం గడిపే చోటు. యుద్ధంలో అక్కడ తుపాకులు, బెలూన్లు, షెల్టర్లు, కూరగాయల మడులు, యుద్ధఖైదీల క్యాంపు అన్నీ చేరాయి. 1943 మార్చి 3 రాత్రి సైరన్ మోగింది. జనం పక్కనే ఉన్న బెత్నల్ గ్రీన్ భూగర్భ స్టేషన్‌కు నడుస్తున్నారు. అంతలో పార్కు నుంచి కొత్త రకం రాకెట్లను పేల్చారు. అలాంటి శబ్దం అంతకుముందు ఎవరూ వినలేదు. బాంబులేనని భయపడి జనం మెట్ల మీదికి తోసుకొచ్చారు. చీకటి, తడి మెట్లు, మధ్యలో పట్టుకోవడానికి కడ్డీ లేదు. ఒకరు జారిపడితే మిగతావాళ్లు వాళ్ల మీద పడ్డారు. 173 మంది ఊపిరాడక చనిపోయారు, వాళ్లలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి ఆ చుట్టుపక్కల శత్రువు బాంబు ఒక్కటీ పడలేదు. పార్కులో తుపాకులుంటే చుట్టుపక్కలవాళ్లకు ధైర్యంగా ఉండేదని చాలామంది రాస్తారు. అది నిజమే. కానీ ఇళ్ల మధ్య ఆయుధం పెడితే ఇలాంటిదీ జరుగుతుందని దాని పక్కనే రాయాలి.

ఇక మీరు అడిగిన కూరగాయలు. యుద్ధానికి ముందు బ్రిటన్ తినే తిండిలో సగానికి పైగా ఓడల మీద వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుతుంటే, ఉన్న ప్రతి నేల చెక్కలోనూ పండించమని ప్రభుత్వం 1939లోనే పిలుపునిచ్చింది. "విజయం కోసం తవ్వండి" అన్న నినాదం అప్పటిదే. ఖాళీ స్థలాలను స్వాధీనం చేసుకుని మడులుగా పంచే అధికారం కౌన్సిళ్లకు, అంటే స్థానిక సంస్థలకు, ఇచ్చారు. ఇలా కౌన్సిల్ దగ్గర కొద్దిపాటి అద్దెకు తీసుకుని సాగుచేసుకునే చెక్కను ఇక్కడ అలాట్‌మెంట్ అంటారు. 1939లో దేశం మొత్తం మీద 8 లక్షల పైచిలుకు ఉన్న అలాట్‌మెంట్లు 1943 నాటికి 14 లక్షల దాకా పెరిగాయి. ఒక్కో చెక్కకు ప్రభుత్వ కరపత్రం చూపిన కొలత 90 అడుగులు, 30 అడుగులు. మన లెక్కలో సరిగ్గా 300 గజాల స్థలం. హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకోవడానికి కొనుక్కునే ప్లాటంత. అందులో ఎప్పుడు ఏది విత్తాలి, దేని తర్వాత ఏది వేయాలి అని నెలవారీగా చెప్పి, ఐదుగురున్న కుటుంబానికి ఏడాదిలో చాలా నెలలు కూరగాయలు సరిపోయేలా ప్రణాళిక వేశారు.

కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో ఆల్బర్ట్ స్మారకం ఎదుట క్యాబేజీ మడులు వేశారు. లండన్ టవర్ కోట చుట్టూ ఉన్న అగడ్తలో కూరగాయలు పెంచారు. హైడ్ పార్కులో పోలీసులు పందులను సాకారు. ఇళ్లలో, హోటళ్లలో మిగిలిన తిండిని డబ్బాల్లో పోగుచేసి, మనం పశువులకు కుడితి పెట్టినట్టు ఆ పందులకు పెట్టేవారు. పార్కుల గ్లాస్‌హౌస్‌లలో పూల నారుకు బదులు టమాటాలు వచ్చాయి.

ఫొటోల్లో కనిపించని ఒక సంగతి చెబుతాను. తరతరాలుగా గడ్డి ఉన్న నేలను దున్ని మొదటి పంట తీయడం అంత సులభం కాదు. గడ్డి వేళ్ల దగ్గర బతికే సన్నటి, గట్టి పసుపు పురుగులు ఉంటాయి. ఇవి ఒక రకం పెంకుపురుగుల పిల్లలు, నేలలో నాలుగైదేళ్లు ఉంటాయి. గడ్డి పోయేసరికి ఇవి బంగాళాదుంపల్లోకి తొలుచుకుపోతాయి. పార్కుల్లో మొదటి రెండు మూడేళ్లు చాలామంది దుంపలు కన్నాలమయంగా వచ్చింది వీటివల్లే. అనుభవం ఉన్నవాళ్లు గడ్డి చెక్కలను కోసి, వేళ్లు పైకి వచ్చేలా తిరగేసి, ఒక పక్కన గుట్టగా పేర్చి ఏడాది మాగబెట్టేవారు. అది మంచి ఎరువు మట్టి అవుతుంది. నా సొంత అలాట్‌మెంట్‌లో మెంతికూర, తోటకూర వేయడానికి నేనూ అలాగే చేశాను, మొదటి ఏడాది ఆ పురుగులతో నాకూ నష్టమైంది. ఇలాంటి కష్టం పడి, రాత్రంతా షెల్టర్‌లో కూర్చుని, పొద్దున ఫ్యాక్టరీకి పోయే ముందు వచ్చి మడికి నీళ్లు పెట్టిన మనుషులను తలుచుకుంటే నాకు చాలా గౌరవం కలుగుతుంది.

ఇనుప రైలింగులది మరో కథ. అప్పటిదాకా పెద్ద పార్కులకు చుట్టూ రైలింగులు ఉండేవి, చీకటి పడితే గేట్లు మూసేవారు. డబ్బున్నవాళ్ల ఇళ్ల మధ్య ఉండే చిన్న తోటలకైతే తాళాలు ఉండేవి, ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల దగ్గరే తాళంచెవులు. ఆయుధాల తయారీకి ఇనుము కావాలని 1940 నుంచి వీటిని కోసేయడం మొదలుపెట్టారు, 1941 నుంచి ఆ పని ఉధృతమైంది. ఆ ఇనుము మొత్తం నిజంగా కొలిమికి చేరిందా అన్నది ఇప్పటికీ వాదనే. కానీ కంచె పోవడంతో తోటలు అందరికీ తెరుచుకున్నాయి. అంతకుముందు బయట నిలబడి కడ్డీల సందుల్లోంచి చూసిన పిల్లలు లోపలికి వెళ్లి ఆడుకున్నారు. యుద్ధం అయ్యాక కొన్ని చోట్ల తాళాలు తిరిగి వచ్చాయి, చాలా చోట్ల రాలేదు. యుద్ధం వల్ల పార్కులకు జరిగిన మార్పుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చేది ఇదొక్కటే.

1942 నుంచి, రైళ్లు సైన్యానికి కావాలి కాబట్టి జనం సెలవులకు సముద్రతీరాలకు వెళ్లకుండా ఊళ్లోనే ఉండాలని, పార్కుల్లో కచేరీలు, డ్యాన్సులు, పిల్లల ఆటలు ఏర్పాటు చేశారు. ఒక పక్క తుపాకీ, ఒక పక్క క్యాబేజీ, మధ్యలో బ్యాండు.

ఇప్పుడు నా పనికి దగ్గరైన విషయానికి వస్తాను. యుద్ధం పార్కుల నుంచి మట్టిని తీసింది, ఇటుకను తిరిగిచ్చింది. 1939లో ఇసుక బస్తాల కోసం హాంప్‌స్టెడ్ హీత్‌లో పెద్ద గుంతలు పడేలా ఇసుక తోడేశారు. తర్వాత బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలతో వాటిని పూడ్చారు. తూర్పు లండన్‌లోని హాక్నీ మార్షెస్ ఒకప్పుడు వరద వస్తే మునిగే చిత్తడి పచ్చిక. అక్కడ శిథిలాలు పోసి నేల ఎత్తు పెంచి ఫుట్‌బాల్ మైదానాలు చేశారు. ప్రతి ఆదివారం వందల మంది ఆడే ఆ గడ్డి కింద జనం నివసించిన ఇళ్ల ఇటుకలు ఉన్నాయి.

ఇలాంటి నేల ఎలా ప్రవర్తిస్తుందో చెబితే మీకు అర్థమవుతుంది. ఇటుక, సున్నం కలిసిన మట్టిలో సున్నం పాళ్లు ఎక్కువ. ఆమ్ల నేల కోరే మొక్కలు అక్కడ ఆకులు పసుపెక్కి కుంగిపోతాయి. ముక్కల మధ్య ఖాళీలు ఉన్నచోట నీరు జారిపోతుంది, యంత్రాలు తిరిగి గట్టిపడిన చోట నిలిచిపోతుంది. ఒకే లాన్‌లో పది అడుగుల తేడాలో రెండూ చూశాను. ఎండలు ముదిరిన వేసవుల్లో కందకాల జాడ కూడా బయటపడుతుంది. వదులు మట్టితో పూడ్చిన చోట తేమ ఎక్కువ కాబట్టి గడ్డి ఇంకొన్నాళ్లు పచ్చగా ఉంటుంది. కింద కాంక్రీటు మిగిలిన చోట మొదట అదే మాడిపోతుంది. ఒక పొడి వేసవిలో మెలికలు తిరిగిన ఆ గీత కనబడితే పని ఆపి చాలాసేపు చూస్తుండిపోయాను.

యుద్ధం ముగిసినా పార్కులకు విశ్రాంతి దొరకలేదు. ఇళ్లు పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. పదేళ్లు ఉంటే చాలనుకున్న తయారీ ఇళ్లను, అంటే ఫ్యాక్టరీలో భాగాలు చేసి తెచ్చి బిగించేవాటిని, చాలా పార్కుల్లో నిలబెట్టారు. క్యాట్‌ఫర్డ్‌లో ఫోర్‌స్టర్ స్మారక పార్కులో కొంత భాగం తీసుకుని 1945–46లో యుద్ధఖైదీల చేత అలాంటి 187 ఇళ్లు కట్టించారు. పదేళ్ల ఇళ్లు 60 ఏళ్ల తర్వాత కూడా ఉన్నాయి. 2009లో వాటిలో ఆరింటికి చారిత్రక కట్టడాలుగా రక్షణ ఇచ్చారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు అది ఊరే. వాళ్ల ప్రేమను తప్పుపట్టలేను. కానీ పార్కు పార్కుగా తిరిగి రాలేదన్నదీ వాస్తవమే.

దీనికి భిన్నంగా జరిగింది వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో. అది ఎప్పింగ్ అడవికి చెందిన పెద్ద పచ్చిక. 1878 నాటి చట్టం దాన్ని జనం కోసం కాపాడింది. 1946లో పక్క కౌన్సిల్ ఇళ్ల కోసం దాన్ని తీసుకోబోయింది. చుట్టుపక్కలవాళ్లు అడ్డం తిరిగారు, విచారణ జరిగింది, చివరికి ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. ఇళ్లు అక్కర్లేదని వాళ్లు అనలేదు. ఇళ్లు కూలిన వీధుల్లో కట్టండి, ఈ పచ్చిక మా పిల్లలకు వదలండి అన్నారు. మీ రెండో ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడుంది. పార్కులు వాటంతట అవి తిరిగి రాలేదు. అడిగేవాళ్లు ఉన్నచోట వచ్చాయి.

యుద్ధం వల్ల కొత్త పార్కులు కూడా పుట్టాయి. 1943లోనే, ఇంకా బాంబులు పడుతుండగా, లండన్ పునర్నిర్మాణ ప్రణాళిక సిద్ధమైంది. వెయ్యి మందికి 4 ఎకరాల పచ్చదనం ఉండాలని అందులో లక్ష్యం పెట్టారు. ఈరోజు బర్జెస్ పార్కు ఉన్న చోట అప్పుడు ఇళ్లు, ఫ్యాక్టరీలు, కాలువ ఉండేవి. దశాబ్దాల పాటు ముక్కముక్కగా కలుపుకుంటూ దాన్ని పార్కు చేశారు. కాలువ పోయింది, వంతెన మాత్రం గడ్డి మీద నిలబడి ఉంది. 1941లో బాంబు దాడిలో దెబ్బతిన్న సెయింట్ డన్‌స్టన్ చర్చి గోడలను అలాగే ఉంచి, లోపల తీగలు పాకించి 1970ల మొదట్లో తోటగా తెరిచారు. మధ్యాహ్నం పూట ఆఫీసువాళ్లు అక్కడ కూర్చుని తింటారు.

లండన్ కన్నా దారుణంగా దెబ్బతిన్నది బెర్లిన్‌లోని టియర్‌గార్టెన్. అందులో సుమారు 2 లక్షల చెట్లు ఉండేవని లెక్క. బాంబులు, చివరి పోరాటం పోగా మిగిలినవాటిని యుద్ధం తర్వాతి చలికాలాల్లో జనం పొయ్యిలోకి నరికేశారు. దాదాపు 700 చెట్లు మాత్రమే మిగిలాయి. ఆ నేలలో బంగాళాదుంపలు వేశారు. 1949 మార్చిలో, సోవియట్ సైన్యం రోడ్లు, రైళ్లు మూసేసి నగరం దిగ్బంధంలో ఉండగానే, మేయర్ ఎర్న్‌స్ట్ రాయిటర్ ఒక లిండెన్ మొక్క నాటి పునరుద్ధరణ మొదలుపెట్టారు. జర్మనీలోని ఇతర ఊళ్లు మొక్కలు పంపాయి, విమానాల్లో కూడా వచ్చాయి. తిండి, బొగ్గు విమానాల్లో తెచ్చుకుంటున్న రోజుల్లో మొక్కలకు కూడా చోటిచ్చారు.

రష్యాలోని లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్, సంగతి రాయాలంటే చెయ్యి ఆగుతుంది. జర్మన్ సైన్యం 872 రోజుల ముట్టడిలో మొదటి చలికాలం ఆకలితో లక్షల మంది పోయాక, 1942లో సెయింట్ ఐజాక్ చర్చి ముందున్న చౌకులో క్యాబేజీ వేశారు. సమ్మర్ గార్డెన్‌లోని పాలరాతి బొమ్మలను అక్కడే నేలలో పాతిపెట్టి, పక్కన మడులు కట్టారు. ఆ సెయింట్ ఐజాక్ చౌకులోనే, పంటల విత్తనాలను సేకరించి ముందు తరాల కోసం దాచే వావిలోవ్ విత్తన సంస్థ ఉంది. వరి, గోధుమ విత్తనాల సంచుల మధ్య కూర్చుని, ఒక్క గింజ ముట్టకుండా అక్కడి శాస్త్రవేత్తలు కొందరు ఆకలితో చనిపోయారు. వరి సేకరణ చూసుకున్న ద్మిత్రి ఇవానోవ్ వాళ్లలో ఒకరు. వరి పండించే కుటుంబంలో పుట్టినవాడిగా ఆ పేరు నేను మరిచిపోలేను.

మన వైపు కూడా ఈ కథ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు ఆంధ్ర జిల్లాలకు రాజధాని మద్రాసే. ఆ నెలలోనే మద్రాసు నుంచి జనం పెద్ద ఎత్తున ఊళ్లకు తరలిపోయారు. సెంట్రల్ స్టేషన్ దగ్గరి పీపుల్స్ పార్కులో జంతుప్రదర్శనశాల ఉండేది. బాంబు పడి బోనులు విరిగితే పులులు, సింహాలు వీధుల్లోకి వస్తాయన్న భయంతో మలబార్ స్పెషల్ పోలీసులు వాటిని కాల్చి చంపారు. బాంబు మాత్రం అప్పుడు అక్కడ పడలేదు. కలకత్తాలో మైదాన్ పక్కనున్న రెడ్ రోడ్డును యుద్ధవిమానాలు దిగే రన్‌వేగా వాడారు.

మీరు లండన్ వస్తే దక్షిణ భాగంలోని పాత కౌన్సిల్ ఇళ్ల సముదాయాల చుట్టూ ఉన్న కంచెలను కాస్త ఆగి చూడండి. పార్కుల నుంచి, వీధుల నుంచి కోసుకుపోయిన రైలింగులకు బదులు, యుద్ధం అయ్యాక అక్కడ నిలబెట్టినవి గాయపడినవాళ్లను మోసిన స్ట్రెచర్లు. ఇనుప గొట్టాల చట్రం, మధ్యలో ఇనుప వల. విషవాయువు తగిలినా కడగడానికి వీలుగా గుడ్డ లేకుండా చేశారు. గొట్టానికి రెండు చివర్ల దగ్గర చిన్న వంపు ఉంటుంది. స్ట్రెచర్‌ను నేల మీద పెట్టినప్పుడు కాస్త ఎత్తులో నిలవాలని, మోసేవాళ్ల వేళ్లు కిందికి దూరాలని ఆ వంపు పెట్టారు. నల్లరంగు వేసి ఉన్నా అది చేతికి తెలుస్తుంది.